సంతకానికి ముందు చదవడానికి ఎన్‌వీడీఏ: ఎక్కడిదాకా నమ్మొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి

వార్తలు చదవడానికి, మెయిల్ చూసుకోవడానికి ఎన్‌వీడీఏ బాగుంటుందని వాడేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ సమీక్ష ఒక్క పనికే పరిమితం. అప్పు పత్రమో, అద్దె ఒప్పందమో, ఆపరేషన్‌కి ముందిచ్చే అంగీకార పత్రమో చేతికొచ్చినప్పుడు, చూపు లేని మనిషి దాన్ని మొదటి గీత నుంచి చివరి గీత దాకా తనంతట తాను చదువుకుని, ఒప్పుకోవాలో వద్దో తేల్చుకుని సంతకం పెట్టడానికి ఈ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా? సరిపోతుంది. కాకపోతే డౌన్‌లోడ్ చేసినప్పుడు వచ్చే సెట్టింగులతో మాత్రం కాదు. ఆ సెట్టింగులు గబగబా చదువుకుపోవడానికి పెట్టినవి. ఒప్పందంలో డబ్బు పోగొట్టే వివరాలు సరిగ్గా వాటి సందుల్లోంచే జారిపోతాయి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్‌వీడీఏ విండోస్ మీద నడిచే స్క్రీన్ రీడర్: తెర మీదున్నది గొంతుతో చదువుతుంది, బ్రెయిలీ డిస్‌ప్లే ఉంటే దాని మీద చుక్కల్లో చూపిస్తుంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టెహ్ కలిశారు. ఇద్దరూ చూపు లేనివాళ్ళే. ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. ఉచితం కావడం ఈ పనికి ఎందుకు ముఖ్యమంటే, ఏ కార్యాలయమైనా 'మా కంప్యూటర్లో అలాంటివి లేవు' అంటే నిమిషాల్లో పెట్టుకోవచ్చు. పెట్టుకోనివ్వకపోతే టూల్స్ మెనూలో పోర్టబుల్ కాపీ తయారు చేసుకునే వీలుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడైనా నడపొచ్చు. పోర్టబుల్ కాపీకి ఒక లోటుంది: విండోస్ లాగిన్ తెర మీద, అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగే తెరల మీద అది మూగబోతుంది. అలాంటి తెర వస్తే చెప్పమని పక్కనున్నవాళ్ళని ముందే అడిగి ఉంచుకోవాలి, లేకపోతే కంప్యూటర్ ఆగిపోయిందనుకుంటారు.

చట్టం మాట ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే మిగతా సమీక్షంతా దాని మీదే నిలబడుతుంది. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ, వైకల్యం ఉన్నవాళ్ళకి జీవితంలోని అన్ని విషయాల్లో ఇతరులతో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది. ఆస్తి కలిగి ఉండడం, వారసత్వంగా పొందడం, సొంత డబ్బు వ్యవహారాలు చూసుకోవడం, అప్పు తీసుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఆ సామర్థ్యాన్ని వాడుకోవడానికి కావలసిన సాయం అందేలా చూడాల్సింది ప్రభుత్వం. మన దేశం 2007 అక్టోబరు 1న దీన్ని ధ్రువీకరించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 13వ సెక్షన్ ఇదే మాట చెబుతుంది. బ్యాంకుల విషయంలో అంతకన్నా ముందే, 2008 జూన్ 4న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది: చూపు లేనివాళ్ళు ఒప్పందం చేసుకోవడానికి చట్టప్రకారం అర్హులే, చెక్‌బుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, లాకరు, అప్పు, క్రెడిట్ కార్డు ఏదీ చూపు లేదన్న సాకుతో నిరాకరించకూడదు. కాబట్టి కౌంటర్ అవతలి మనిషి 'మీరు చదవలేరు కదా, మీ ఇంట్లోవాళ్ళని పిలవండి' అంటే, చదవలేకపోవడానికి కారణం కాగితం తయారైన తీరులో ఉండొచ్చు. సంతకం పెట్టే అర్హతకీ దానికీ సంబంధం లేదు.

ఇక సెట్టింగులు. ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్. ల్యాప్‌టాప్‌లో క్యాప్స్‌లాక్ పెట్టుకోవచ్చు. ఒప్పందాల కోసం విడిగా ఒక ప్రొఫైల్ చేసుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. ఇన్సర్ట్, కంట్రోల్, పి కలిపి నొక్కితే ప్రొఫైళ్ళ కిటికీ వస్తుంది. 'న్యూ' నొక్కి, పేరు 'ఒప్పందం' అని పెట్టి, మనం కావాలన్నప్పుడే మొదలయ్యే మాన్యువల్ రకం ఎంచుకోవాలి. ఆ ప్రొఫైల్ నడుస్తుండగా మార్చినవి అందులోనే ఉంటాయి, రోజువారీ సెట్టింగులు చెదరవు.

అందులో మొదటి మార్పు విరామచిహ్నాల స్థాయి. ఇన్సర్ట్, పి నొక్కుతూ పోతే నన్, సమ్, మోస్ట్, ఆల్ అని నాలుగు మారుతుంటాయి. వచ్చేటప్పుడు 'సమ్' మీద ఉంటుంది. ఆ స్థాయిలో హైఫన్, బ్రాకెట్లు చదవదు. '12-18 నెలలు' అని ఉంటే పన్నెండు, పద్దెనిమిది నెలలు అన్నట్టు వినిపించి పోతుంది. బ్రాకెట్‌లో పెట్టిన మినహాయింపు అసలు షరతులో కలిసిపోతుంది. 'మోస్ట్' చాలు. 'ఆల్' పెడితే ప్రతి కామా, ప్రతి చుక్క చదివి ప్రాణం తీస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఇన్సర్ట్, కంట్రోల్, డి నొక్కితే డాక్యుమెంట్ ఫార్మాటింగ్ కిటికీ వస్తుంది. అందులో ఫాంట్ ఆట్రిబ్యూట్స్ మామూలుగా ఆపేసి ఉంటుంది. అది ఆపేసి ఉన్నంతకాలం కొట్టివేత గీత ఉన్న మాటకీ, లేని మాటకీ తేడా తెలియదు. వర్డ్ ఫైలులో 'వడ్డీ ఏడాదికి 9 11 శాతం' అని ఉందనుకోండి, 9 మీద అడ్డగీత. చూసేవాడికి 11 అని ఒక్క చూపులో అర్థమవుతుంది. ఎన్‌వీడీఏ 'తొమ్మిది పదకొండు శాతం' అని ఏ మార్పూ లేని గొంతుతో చదివేస్తుంది. ఆట్రిబ్యూట్స్ తెరిచాక అదే చోట ముందు 'స్ట్రైక్‌త్రూ' అని, తొమ్మిది చదివి, 'నో స్ట్రైక్‌త్రూ' అని, పదకొండు చదువుతుంది. అనుమానం వచ్చిన చోట ఇన్సర్ట్, ఎఫ్ నొక్కితే ఆ అక్షరం ఫాంట్ సంగతంతా చెబుతుంది. అదే కిటికీలో ఎడిటర్ రివిజన్స్, కామెంట్స్, పేజీ నంబర్లు ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. బేరసారాల్లో ఉన్న ఒప్పందం ట్రాక్ ఛేంజెస్‌తోనే తిరుగుతుంటుంది. ఏది చేర్చారో, ఏది తీసేశారో రివిజన్స్ ఆన్‌లో ఉంటేనే వినిపిస్తుంది. రంగులు, ఫాంటు పేర్లు, అన్నీ ఆన్ చేస్తే వాక్యం ముక్కలు ముక్కలై అర్థం పోతుంది. ఈ నాలుగూ చాలు.

పీడీఎఫ్‌లో మాత్రం ఈ ఉపాయం పనిచేస్తుందని నమ్మకూడదు. పీడీఎఫ్‌లో అడ్డగీత చాలాసార్లు అక్షరం లక్షణంగా ఉండదు, అక్షరం మీద విడిగా గీసిన గీతగా ఉంటుంది. దాన్ని ఏ స్క్రీన్ రీడరూ పట్టుకోలేదు. అందుకని కొట్టివేతలున్న పీడీఎఫ్ ఇస్తే ఒకటే మాట అడగాలి: కొట్టివేతలు తీసేసి, మార్పులతో తాజాగా టైపు చేసిన కాపీ. ఇది దబాయింపు కాదు, హక్కు.

అంకెల దగ్గర మరో తిరకాసు. మనం లక్షల్లో కామాలు పెట్టే పద్ధతి వేరు. వేలకొకసారి మూడంకెల చొప్పున విడదీసే పద్ధతికి తయారైన గొంతులు '1,50,000'ని 'ఒకటి, యాభై వేలు' అని విడగొట్టి చదవొచ్చు. డెస్క్‌టాప్ కీబోర్డులో ఇన్సర్ట్, పై బాణం రెండుసార్లు నొక్కితే ఆ లైను అక్షరం అక్షరంగా చదువుతుంది. మొత్తాలు, తేదీలు, ఖాతా నంబర్లు, సర్వే నంబర్లు ఇలాగే వినాలి, వేరే దారి లేదు. బ్రెయిలీ వచ్చినవాళ్ళకి డిస్‌ప్లే ఉంటే ఇక్కడ అది గొంతుకన్నా మేలు: అంకె వేలి కింద కదలకుండా ఉంటుంది.

తెలుగు పత్రాల దగ్గరికి వస్తే కథ కొంచెం చేదుగా ఉంటుంది. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతుల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు ఉంది. మరమనిషి గొంతే, వినసొంపు ఏమీ కాదు. కానీ ఒత్తులు, దీర్ఘాలు వినబడతాయి, వేగం పెంచినా మాట చెదరదు. ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కి వచ్చే స్పీచ్ సెట్టింగుల్లో తెలుగు ఎంచుకోవాలి. అక్కడే భాషని బట్టి గొంతు తనంతట తాను మారే ఆప్షన్ ఉంటుంది. తెలుగు ఒప్పందాలకి దాన్ని ఆపేయడం మంచిది. ఎందుకంటే అది ఫైలులో రాసిపెట్టిన భాష గుర్తుని నమ్ముకుంటుంది, అక్షరాలను చూడదు. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన తెలుగు పేరాకి వర్డ్‌లో ఇంగ్లీషు అని గుర్తుంటే, ఇంగ్లీషు గొంతు అందుకుని అంతా పాడు చేస్తుంది. తెలుగు గొంతు మీదే ఉంచితే మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలను కూడా పరవాలేదనిపించేలా చదువుతుంది.

ఇదంతా యూనికోడ్ తెలుగుకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో టైపు చేసిన తెలుగుకి. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పత్రాలు వస్తుంటాయి. తెర మీద, ప్రింట్‌లో చక్కటి తెలుగే. ఫైలు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది. ఎన్‌వీడీఏ ఆకారాన్ని చూడదు, లోపలున్న కోడ్‌నే చదువుతుంది. ఫలితం అర్థంలేని గుర్తుల వాన. గొంతు మార్చినా, సాఫ్ట్‌వేర్ మార్చినా ఇది బాగుపడదు. యూనికోడ్‌లోకి మార్చిన ఫైలు ఇమ్మని అడగాలి, మార్చే పనిముట్లు డీటీపీ వాళ్ళ దగ్గరే ఉంటాయి. మార్పిడిలో ఒత్తులు తప్పే అవకాశం ఉంది కాబట్టి పేర్లు, సరిహద్దులు, విస్తీర్ణం మరోసారి అక్షరం అక్షరంగా చూసుకోవాలి.

స్కాన్ చేసిన కాగితమైతే అది ఉత్త ఫొటో. అడోబ్ రీడర్‌లో తెరిస్తే డాక్యుమెంట్ ఖాళీ అన్నట్టు వినిపిస్తుంది. ఇన్సర్ట్, ఆర్ నొక్కితే ఎన్‌వీడీఏ విండోస్ ఓసీఆర్‌ని పిలిచి ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రయత్నం చేస్తుంది. తెర మీద కనబడే భాగం వరకే చేస్తుంది, కాబట్టి కిటికీ పూర్తిగా పెద్దది చేసి, ఒక్కో పేజీకి విడిగా నొక్కాలి. ఇంగ్లీషు ప్రింట్‌కి బాగా పనిచేస్తుంది. విండోస్ ఓసీఆర్ భాషల్లో తెలుగు లేదు. తెలుగుకి టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్, లేదా ఫోన్‌లో గూగుల్ లెన్స్ దిక్కు. ఆన్‌లైన్ సర్వీసులకి ఆస్తి పత్రం ఎక్కించేముందు అందులో ఎవరెవరి వివరాలున్నాయో ఒక్కసారి ఆలోచించాలి. ఏ ఓసీఆర్ అయినా దశాంశ చుక్కని మింగేస్తుంది, సున్నాని అక్షరంగా పొరబడుతుంది, పట్టికలో నిలువు వరసలను కలిపేస్తుంది. పెన్నుతో నింపిన ఖాళీలను దాదాపు వదిలేస్తుంది. పైగా ఎక్కడ అనుమానం ఉందో చెప్పదు, తప్పుని కూడా అదే ధీమాతో చదువుతుంది. ఓసీఆర్‌తో పత్రం దేని గురించో తెలుసుకోవచ్చు. అంకెల మీద సంతకం పెట్టడానికి అది ఆధారం కాకూడదు.

అడోబ్ రీడర్‌లో చాలామంది గమనించని సంగతి ఇంకోటి. ట్యాగులు (ఏది హెడ్డింగో, ఏది పేరానో చెప్పే లోపలి గుర్తులు) లేని పీడీఎఫ్ తెరవగానే చదివే క్రమం ఎలా ఉండాలో అడిగే కిటికీ వస్తుంది. పెద్ద ఫైళ్ళలో కనబడే పేజీలే సిద్ధం చేసే పద్ధతి అక్కడ ముందే ఎంచి ఉంటుంది, 50 పేజీలు దాటితే అది అమల్లోకి వస్తుంది. కంట్రోల్, ఎండ్ నొక్కితే పత్రం చివరికి వచ్చామనుకుంటాం, నిజానికి ఆ పేజీ చివర ఉంటాం. మొత్తం డాక్యుమెంట్ చదివేలా మార్చుకుని, చివరి పేజీ నంబరు విన్నాకే చదవడం పూర్తయిందనుకోవాలి.

ఆన్‌లైన్ ఒప్పందాల్లో లోపం సాధారణంగా వెబ్‌సైటుది. చివరిదాకా స్క్రోల్ చేస్తేనే 'అంగీకరిస్తున్నాను' బటన్ తెరుచుకునే పేజీలున్నాయి. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (బాణం కీలతో పేజీ చదువుకునే తీరు) మొత్తం చదివినా లోపలి డబ్బా కదలకపోవచ్చు, బటన్ 'అనవెయిలబుల్' అనే వస్తుంటుంది. ఇన్సర్ట్, స్పేస్‌తో ఫోకస్ మోడ్‌కి (నొక్కిన కీలు నేరుగా పేజీకే వెళ్ళే తీరు) మారి, ట్యాబ్‌తో ఆ డబ్బాలోకి వెళ్ళి ఎండ్ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది. సంతకాన్ని మౌస్‌తో గీయమనే గడి కీబోర్డుకి అందదు. పక్కన 'టైప్' అనే ఎంపిక ఉందేమో వెతకాలి, లేకపోతే కాగితం మీద సంతకం అడగాలి. సబ్‌మిట్ నొక్కేముందు బ్రౌజ్ మోడ్‌లో ఎక్స్ నొక్కుతూ చెక్‌బాక్సులన్నీ ఒకసారి తిరగండి. ముందే టిక్ పెట్టిన ప్రకటనల సమ్మతులు, అనుబంధ బీమాలు ఇక్కడే దొరుకుతాయి. వెబ్ ప్రమాణాల్లో దీనికి విడిగా ఒక నియమం ఉంది: డబ్ల్యూసీఏజీ 3.3.4. చట్టపరమైన, డబ్బు లావాదేవీల పేజీల్లో పంపింది వెనక్కి తీసుకునే వీలో, తప్పులు పట్టి సరిదిద్దే వీలో, పంపేముందు మళ్ళీ చూసుకునే వీలో ఉండాలంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ అంకె రాస్తే సాంకేతిక బృందానికి సూటిగా అర్థమవుతుంది. కేవైసీలో కళ్ళార్పమనే తెరల సంగతైతే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తేల్చింది: డిజిటల్ కేవైసీ వైకల్యం ఉన్నవాళ్ళకి అందుబాటులో ఉండాలని, కళ్ళార్పడం కాకుండా వేరే పద్ధతులూ ఇవ్వాలని ఆదేశించింది.

సాయం చేసేవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎన్‌వీడీఏలో దీనికి పనికొచ్చే పనిముట్లున్నాయి, ప్రమాదకరమైనదీ ఒకటుంది. టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే గొంతు చదివేది అక్షరాల్లో కూడా కనబడుతుంది. పక్కన కూర్చున్న వకీలుకి, సాక్షికి మనం సరిగ్గా ఏం విన్నామో తెలుస్తుంది. 'చదివి వినిపించాం' అనే గీత ఎవరో వినిపించారన్న నమ్మకం మీద కాకుండా కళ్ళముందు జరిగిన దాని మీద నిలబడుతుంది. దీనికి వ్యతిరేకంగా, నలుగురిలో సొంత ఖాతా చూసుకోవాలంటే స్క్రీన్ కర్టెన్ ఆన్ చేస్తే తెర నల్లబడుతుంది, చదవడం ఆగదు. ప్రమాదమున్నది రిమోట్ యాక్సెస్. 2025.1 వెర్షన్ నుంచి అది ఎన్‌వీడీఏలోనే ఉంది. దూరాన ఉన్న మనిషి మన కంప్యూటర్ నడపగలడు. ఇరుక్కుపోయిన చోట ప్రాణం లేచొస్తుంది. అదే దారిన ఆయన 'అంగీకరిస్తున్నాను' కూడా నొక్కేయగలడు. చదవడానికి సాయం తీసుకోండి. ఆఖరి బటన్ దగ్గర కనెక్షన్ తెంపేసి, మీ వేలితో మీరే నొక్కండి.

వికలాంగుల హక్కుల చట్టంలో 13వ సెక్షన్ ఈ సాయం సంగతిని ఇంత వివరంగా ఆలోచించిందంటే ముచ్చటేస్తుంది. సాయం చేసే మనిషికీ మనకీ ఆ లావాదేవీలో ప్రయోజనాలు ఎదురుపడితే, ఆ లావాదేవీలో ఆయన సాయం మానుకోవాలి. రక్తసంబంధం ఉన్నంతమాత్రాన ప్రయోజనాల ఘర్షణ ఉందనుకోకూడదు. ఒత్తిడి తేకూడదు, మన గోప్యతనీ, మన నిర్ణయాన్నీ గౌరవించాలి. సాయం చేసేవాళ్ళని మార్చుకునే హక్కు, ఆ ఏర్పాటు రద్దు చేసుకునే హక్కు మనదే. అన్నదమ్ముల పంపకం పత్రాన్ని, అందులో వాటాదారైన అన్నే చదివి వినిపించడం ఎంత మామూలుగా జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఈ నియమం ఎందుకో వేరే చెప్పాలా?

ఎన్‌వీడీఏ చేయలేని పని ఒకటుంది: అర్థం చెప్పడం. మేధో వైకల్యం ఉన్న మనిషికి నలభై షరతులు గొంతుతో చదివి వినిపిస్తే నలభై షరతులు విన్నట్టే, తెలిసినట్టు కాదు. వాళ్ళకి కావలసింది చిన్న వాక్యాల్లో, ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతితో తిరగరాసిన పత్రం. పక్కన ఓపిగ్గా కూర్చుని, 'ఒప్పుకుంటే ఏమవుతుంది, వద్దంటే ఏమవుతుంది' అని రెండు వైపులా చెప్పే మనిషి. అలా తిరగరాసిన పత్రానికి హెడ్డింగులు పెడితే ఎన్‌వీడీఏలో హెచ్ నొక్కుతూ కావలసిన చోటికి ఎన్నిసార్లైనా పోవచ్చు, అంతవరకే దీని పాత్ర. సాయం ఎంతిచ్చినా చాలని పరిస్థితిలో 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతుంది: ఒక ఫలానా నిర్ణయానికి, ఒక గడువుకి, ఆ మనిషి ఇష్టప్రకారం, ఇద్దరూ కలిసి. 'వీళ్ళ తరఫున అన్నిటికీ నేనే' అని జీవితకాలానికి రాయించుకునే కాగితం దీని ఉద్దేశం కాదు.

చివరికి సంతకం కాగితం మీదే పెట్టాల్సి వస్తే, సిగ్నేచర్ గైడ్ అడగండి, లేదా గట్టి అట్టలో సంతకమంత పొడవైన సన్నని గడి కోసి దగ్గర పెట్టుకోండి. దాన్ని గీత మీద ఆనిస్తే సంతకం పక్కకి పోదు, ప్రతిసారీ ఇంచుమించు ఒకే కొలతలో వస్తుంది. సంతకం చేయగలిగిన మనిషిని వేలిముద్ర వేయమంటే, ఏ నియమం ప్రకారమో రాతపూర్వకంగా చెప్పమనండి. సంతకమయ్యాక స్కాన్ కాపీతో పాటు, మీరు చదివిన అక్షరాలున్న ఫైలునీ అదే రోజు మెయిల్‌కి పంపించుకోండి. ఆరు నెలల తర్వాత షరతు వెతకాల్సి వచ్చినప్పుడు ఫొటో పనికి రాదు.